చెవి మేస్త్రి చూసిన చెల్లెలి బండి

ఆ షెడ్డులో ఇంజను స్టార్టయితే మనుషులు నోరు మూసుకోవాలి. గోడ మీద అలాంటి బోర్డేమీ లేదు. అయినా చెవి మేస్త్రి బానెట్ ఎత్తి ఎడమ చెయ్యి గాల్లోకి లేపాడంటే చాలు, సుత్తి పట్టుకున్నవాడు సుత్తి దించేవాడు, టీ గ్లాసులో చెంచా తిప్పుతున్నవాడు చెంచా ఆపేవాడు. బండి యజమాని ఒక్కడే ఉండబట్టలేక "మొన్నటిదాకా బాగానే ఉందండీ..." అంటూ మొదలుపెట్టేవాడు. మేస్త్రి అతని వైపు ఒక చూపు చూసేవాడు. ఎంత పెద్దమనిషైనా మిగతా మాట మింగేయాల్సిందే.

"బండి మాట్లాడుతుంటే మధ్యలో మీరెందుకండీ?" అనేవాడు మేస్త్రి.

పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసని ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి తగిలించి, కళ్లు మూసుకునేవాడు. కళ్లు తెరిచి "వాటర్ పంపు బేరింగు" అంటే అది వాటర్ పంపు బేరింగే. విప్పి చూడటం కేవలం యజమాని తృప్తి కోసం. వేరే షెడ్లవాళ్లు ఇంజను మొత్తం విప్పి, ముక్కలు నేల మీద పరిచి, తల పట్టుకున్న బండ్లు కూడా చివరికి ఇక్కడికే వచ్చేవి. మేస్త్రికి ఇంకో పట్టుదల కూడా ఉండేది. బాగున్న సామాను పీకి పారేస్తే ఆయన ఒంటికాలి మీద లేచేవాడు. "అనుమానంతో మార్చేవాడికి మెకానిక్ అని పేరెందుకు? సామాను అమ్ముకునే కొట్టు పెట్టుకోమనండి" అనేవాడు. అసలు పేరుతో ఆయన్ని పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇంటిదగ్గర పాలు పోసేవాడు కూడా చెవి మేస్త్రి గారనే అనేవాడు.

అలాంటి మనిషికి చెవులు పోవడం మొదలైంది.

ఒక్కసారిగా పోలేదు. జీవితమంతా ఇంజన్ల మధ్య గడిపిన చెవులు సన్నటి శబ్దాలతో మొదలుపెట్టి ఒక్కొక్కటే వదిలేస్తూ వచ్చాయి. మగవాళ్ల గొంతులు వినబడేవి, ఇంజను రొద వినబడేది. కాబట్టి ఆయనకి అనుమానం రాలేదు. ఒక సాయంత్రం వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుతుంటే, పక్కనే పొయ్యి మీద కూత కెటిల్ కూసి కూసి, నీళ్లన్నీ ఇగిరిపోయి, అడుగు మాడి వాసన కొట్టింది. పెరట్లో బట్టలు తీస్తున్న భార్య పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ, నాకు పెరట్లోకి వినబడింది. పక్కనే ఉన్నారు, మీకు వినబడలేదా?"

"పేపర్లో పడి చూసుకోలేదు" అన్నాడు మేస్త్రి.

ఆవిడ మాడిన కెటిల్ దించింది. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆ తర్వాత రెండు మూడుసార్లు అంది. ఆయన ఇంతెత్తున లేచాడు. ఊరందరి బండ్లకి తను వైద్యం చేస్తుంటే తనకి వైద్యమేమిటన్నాడు. ఆవిడ ఇక ఆ మాట ఎత్తలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే ఆయన ఎదురుగా వచ్చి నిలబడి చెప్పడం అలవాటు చేసుకుంది. ఆ అలవాటు ఎందుకొచ్చిందో ఇద్దరికీ తెలుసు.

షెడ్డులో మాత్రం ఎలా నెట్టుకురావాలి? దారి దానంతటదే దొరికింది. ఒకరోజు ఎవరిదో వ్యాను స్టార్టు చేస్తే మేస్త్రికి ఇంజను గురగుర తప్ప ఏమీ వినబడలేదు. కానీ ఎదురుగా నిలబడ్డ యజమాని పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టాడు. ఇంజను వేగం పెంచితే ఆ ముఖం ఇంకా ముడుచుకుంది, తగ్గిస్తే విచ్చుకుంది. మేస్త్రి ధైర్యం చేసి "బెల్టు" అన్నాడు. నిజంగా బెల్టే. ఆ రోజు నుంచి ఆయన వినడం మానేసి ముఖాలు చూడటం నేర్చుకున్నాడు. చెయ్యి గాల్లోకి లేచేది, స్క్రూడ్రైవర్ చెవి వెనక్కి వెళ్లేది, కళ్లు మాత్రం మూతపడకుండా యజమాని కనుబొమల దగ్గర కాపు కాసేవి. మనిషి ముఖం ఎంత తేలిగ్గా బయటపడిపోతుందో చూసి ఆయనకే ఆశ్చర్యమేసేది. తప్పులు పెద్దగా బయటికి రాలేదు. పేరు చెక్కుచెదరలేదు. కీర్తి ఒకసారి వచ్చిందంటే కొంతకాలం అదే బండి నడిపిస్తుంది కదా.

ఆయనకి ఒక చెల్లెలుంది. తల్లి పోయేనాటికి ఆ పిల్ల ఇంకా జడలు తనంతట తను వేసుకోలేదు. తండ్రి పనుల మీద ఊళ్లు తిరిగేవాడు. జడలు వేసిందీ, జ్వరమొస్తే తల దగ్గర కూర్చున్నదీ అన్నే. అందుకని ఆవిడకి అన్న మాటంటే ఇంక దానిమీద మాటలేదు. మబ్బు పట్టిన రోజు అన్నయ్య వాన రాదంటే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్లి తడిసి వచ్చేది. పైగా "అన్నయ్య చెప్పిన తర్వాతే కురిసింది" అనేది. ఆ మాటకి ఇంటిల్లిపాదీ నవ్వేవారు, అన్న తప్ప.

పెళ్లయ్యాక ఆవిడా భర్తా లాండ్రీ పెట్టారు. కొండ మీదున్న ఆసుపత్రి దుప్పట్లు, దిండుగలీబులు ఉతికి ఇవ్వడం వాళ్ల పని. భర్త మిషన్ల మధ్య మహారాజు. స్టీరింగు పట్టుకోమంటే మాత్రం ఆయనకి ఒళ్లంతా చెమటలు పట్టేవి. అందుకని పికప్పు నడిపేది ఆవిడే. పొద్దున్నే శుభ్రమైన మూటలు పైకి, మాసిన మూటలు కిందికి. ఆ బండిని అన్న తప్ప వేరే చెయ్యి ముట్టుకోలేదు.

ఒకరోజు ఉదయం ఆవిడ బండి తెచ్చి షెడ్డు ముందు ఆపింది.

"పొద్దున స్టార్టు చేయగానే కీచుమంటోందన్నయ్యా. కాసేపటికి తగ్గుతుంది. మలుపు దగ్గర స్టీరింగు తిప్పితే మళ్లీ అరుస్తుంది."

ఈ మాత్రం చెబితే చాలు, తెలిసినవాడికి సగం పని అయిపోయినట్టే. ఆ ఇంజను ముందు ఒకే పొడవాటి బెల్టు ఉంటుంది. చల్లదనానికి నీళ్లు తిప్పే పంపునీ, బ్యాటరీ నింపే డైనమోనీ, స్టీరింగుకి బలమిచ్చే పంపునీ ఆ ఒక్క బెల్టే లాగుతుంది. అది వదులు కాకుండా పట్టి ఉంచేది టెన్షనర్. లోపల స్ప్రింగు, బయటికి చాచిన చిన్న చెయ్యి, ఆ చేతి కొసన ఒక పుల్లీ. రోజంతా బెల్టుని నొక్కి పట్టుకోవడమే దాని ఉద్యోగం. బెల్టు అరిగినట్టే టెన్షనరూ అరుగుతుంది. స్ప్రింగు నీరసిస్తుంది, పుల్లీలో బేరింగు ఎండిపోతుంది. చాలా షెడ్లలో బెల్టు మారిస్తే దాన్నీ మార్చేస్తారు. మన మేస్త్రి సంగతి చెప్పాను కదా, చెవి ఒప్పుకుంటే తప్ప ఆయన సామాను మార్చడు.

బెల్టు తీసి చూస్తే లోపలి గాళ్ల నిండా పగుళ్లు. టెన్షనర్ పుల్లీని వేలితో తిప్పాడు. గిర్రున తిరిగింది. అలా తిప్పినప్పుడు ఎండిన బేరింగు ఇసుక రాలినట్టు సన్నగా చప్పుడు చేస్తుంది. పుల్లీ దగ్గర చెవి పెట్టాడు. ఏమీ లేదు. టెన్షనర్ చెయ్యి పట్టి ఊపాడు, స్ప్రింగు బిగువుగానే అనిపించింది. కొత్త బెల్టు ఎక్కించి ఇంజను స్టార్టు చేశాడు. చెయ్యి గాల్లోకి లేచింది. షెడ్డు మూగబోయింది.

సీసాతో నీళ్లు తెచ్చి తిరుగుతున్న బెల్టు మీద చిలకరించాడు. నీళ్లు పడ్డాక కీచు పెరిగితే బిగువు చాలడం లేదని, టెన్షనర్ పని అయిపోయిందని లెక్క. చిలకరించి చెల్లెలి ముఖం వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే బెల్టు ఆ నీళ్లని విసిరి ఆయన మీసం మీద కొట్టింది. చెల్లెలు ఫక్కున నవ్వింది.

ఆ నవ్వే మేస్త్రి చూశాడు. శబ్దం పోయిందనుకున్నాడు.

"అయిపోయిందమ్మా. బెల్టే. ఇంకేం లేదు" అని బానెట్ దించాడు.

"నువ్వు చూశాక ఇంకేముంటుందన్నయ్యా" అంటూ ఆవిడ బండెక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్ని వారాలకి షెడ్డుకి ఫోను వచ్చింది. ఈమధ్య ఫోన్లు ఎత్తేది ఎలక్ట్రీషియన్. అదే షెడ్డులో వైరింగు పనులు చూసుకునే నడివయసు మనిషి, మేస్త్రికి పాతకాలం నుంచి తోడు. ఫోను పెట్టేసి, మేస్త్రి ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ చెప్పాడు.

"చెల్లెమ్మ గారి బండి కొండ వాలులో అదుపు తప్పిందంట. ప్రాణానికేం ఫరవాలేదు. ఆసుపత్రిలోనే ఉన్నారు."

మేస్త్రి చేతిలో స్పానరు కింద పడేశాడు. ఆ నూనె చేతులతోనే వెళ్లాడు. ఆసుపత్రి వరండాలో చెల్లెలు బెంచీ మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టుకి కట్టు, చెంప మీద గీత. పక్కన భర్త ఆవిడ చెప్పులు చేతిలో పట్టుకుని, వాటినేం చేయాలో తెలియక నిలబడ్డాడు.

"బ్రేకులు బాగానే పడ్డాయన్నయ్యా" అంది ఆవిడ, అన్న ముఖం చూడగానే. "మలుపులో ఠప్పుమని ఏదో తెగింది. స్టీరింగు రాయిలా అయిపోయింది. ఎలాగో కొండ పక్క గోడ వైపుకి లాగాను. చక్రం గట్టు రాయికి తగిలి స్టీరింగు ఎదురు కొట్టింది, అంతే. ఎదురుగా ఎవరూ రాలేదు, అదృష్టం. నువ్వు భయపడకు."

అన్నని ఓదార్చాల్సిన అవసరం ఆవిడకెందుకొచ్చిందో మేస్త్రికి అప్పటికే లోపల తెలుస్తోంది. కట్టు మీద చెయ్యి వేయబోయి, చేతికి నూనె ఉందని చూసి వెనక్కి తీసుకున్నాడు.

బండిని లాగించి షెడ్డుకి తెప్పించారు. మేస్త్రి ఒక్కడే బానెట్ ఎత్తాడు. కొత్త బెల్టు పీలికలై ఫ్యాను చుట్టూ చుట్టుకుని ఉంది. టెన్షనర్ పుల్లీని వేలితో తిప్పబోతే కదల్లేదు. బేరింగు పూర్తిగా పట్టేసింది. దాని చుట్టూ ఇనుము మీద తుప్పురంగు పొడి పొరలా అంటుకుని ఉంది. అంత పొడి ఒక్క రోజులో రాలేది కాదు. ఆ బేరింగు వారాల తరబడి అరుస్తూనే ఉండాలి. తను దాని పక్కన చెవి పెట్టిన రోజు కూడా అరిచే ఉండాలి. ఆ సంగతి తెలిసి మేస్త్రి అక్కడే బంపరు పట్టుకుని కింద కూలబడ్డాడు. చెల్లెల్ని తనే తోసేసినట్టనిపించింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తప్పు నాది కూడానండీ" అన్నాడు.

"నీదేమిటోయ్? బెల్టు వేసింది నేను."

"మీరు బానెట్ దించిన ప్రతి బండినీ బయటికి తీసే వంకతో నేను ఇంకోసారి విని పంపిస్తున్నాను. చాలాకాలం నుంచీ. ఎక్కడైనా చప్పుడుంటే మీరు భోజనానికి వెళ్లినప్పుడు సరిచేసేవాణ్ని. చెల్లెమ్మ గారి బండి మాత్రం చూడలేదు. సొంత చెల్లెలి బండి, మీరు ప్రాణం పెట్టి చూసుంటారనుకున్నాను."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ముందు కోపమొచ్చింది. నా వెనక నా పని దిద్దుతావా అని గొంతుదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఆ తుప్పుపొడి ఉంది. ఇంట్లో భార్యకి తెలుసు, షెడ్డులో ఇతనికి తెలుసు, బహుశా సుత్తి పట్టుకున్నవాడికీ తెలుసు. అందరూ ఆయన మీద ప్రేమతో, మర్యాదతో నోరు మూసుకున్నారు. అంతమందికీ నోరు మూసుకోవడం నేర్పింది ఎవరు? ఎడమ చెయ్యి గాల్లోకి లేపిన మనిషే కదా.

సాయంత్రం లాండ్రీకి వెళ్లాడు. వెనక గదిలో చెల్లెలు కుర్చీలో కూర్చుని, ఎడం చేత్తో దిండుగలీబులు మడవడానికి కుస్తీ పడుతోంది. మిషన్ల రొదలో మాటలు వినబడవని ఆయన తలుపు మూసి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ రోజు నేను బానెట్ దించాక, కీచు శబ్దం నీకు వినబడిందా?"

ఆవిడ గలీబు మడత సరిచేసింది.

"నిజం చెప్పమ్మా."

"వినబడింది" అంది తల ఎత్తకుండా. "సన్నగా ఉండేది. తర్వాత రోజూ ఉండేది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు లేదన్నావు కదన్నయ్యా. నీకు వినబడనిది నాకెలా వినబడుతుంది? నా భ్రమ అనుకున్నాను."

మేస్త్రి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మిషన్లు గోడ అవతల తిరుగుతూనే ఉన్నాయి. ఆవిడ కంగారుపడి కుర్చీలోంచి లేవబోయింది.

"కూర్చో" అన్నాడు ఆయన. "నాకు చెవులు వినబడటం లేదమ్మా. సన్న శబ్దాలు బొత్తిగా లేవు. చాలా రోజులైంది. ఎవరికీ చెప్పలేదు. ముఖాలు చూసి నెట్టుకొస్తున్నాను. నీ ముఖం చూసి నీ బండి బాగుందన్నాను. నువ్వు నా మీసం చూసి నవ్వావు."

ఆవిడ ఎడం చెయ్యి చాచి ఆయన మోకాలి మీద పెట్టింది.

"చెయ్యి నయమయ్యాక నువ్వు మళ్లీ ఆ వాలులోనే దిగాలి" అన్నాడు మేస్త్రి. "బండి ఇంకో షెడ్డుకి పంపిస్తాను. మంచివాణ్ని చూసి నేనే మాట్లాడతాను."

"నా బండి నువ్వే చెయ్యాలి."

"వినబడనివాడు చేసిన బండిలో నిన్నెలా ఎక్కించమంటావు?"

"నాకు వినబడుతుంది కదా" అంది ఆవిడ.

మేస్త్రి ఆలోచించాడు. "అయితే నువ్వు వచ్చి నిలబడాలి. విన్నది విన్నట్టు చెప్పాలి. నా మొహం చూసి చెప్పకూడదు."

మర్నాడు ఆవిడ కట్టు చేతిని మెడకి వేలాడదీసుకుని షెడ్డుకి వచ్చింది. మేస్త్రి కొత్త టెన్షనర్ పెట్టె విప్పి, పాతదాన్ని పక్కన పెట్టి, చెయ్యి పొడవూ పుల్లీ వెడల్పూ సరిచూశాడు. ఇంజను చల్లగా ఉంది. పాత బోల్టు ఉన్న చోట తుప్పు గీకి తుడిచాడు. టెన్షనర్ వెనకున్న మేకుని ఇంజను మీది చిల్లులో సరిగ్గా కూర్చోబెట్టి బోల్టు బిగించాడు. ఆ మేకు కూర్చోకపోతే చెయ్యి వంకర తిరిగి బెల్టు ఒక పక్కకి జారుతుంది. పొడుగు పిడి స్పానరుతో టెన్షనర్ చేతిని స్ప్రింగుకి ఎదురు తిప్పి పట్టుకుని, కొత్త బెల్టుని పుల్లీల చుట్టూ వేసి, మెల్లగా వదిలాడు. చెయ్యి వచ్చి బెల్టు మీద నిండుగా ఆనింది. ప్రతి గాడిలో బెల్టు కూర్చుందో లేదో వేలితో తడిమాడు. అలా వేళ్లతో చేసే పనిలో ఆయనకి ఇప్పటికీ వంక పెట్టేవాడు లేడు.

"స్టార్టు చెయ్యవోయ్" అన్నాడు.

ఎలక్ట్రీషియన్ తాళం తిప్పాడు. షెడ్డు మూగబోయింది, ఎవరూ చెయ్యి ఎత్తకపోయినా. మేస్త్రి చెల్లెలికి వీపు తిప్పి గోడ వైపు నిలబడ్డాడు. ముఖం కనబడితే చదవకుండా ఉంటానని ఆయనకి తన మీద నమ్మకం లేదు.

"ఉందా?" అని గట్టిగా అడిగాడు.

జవాబు రాలేదు. వచ్చినా తనకి వినబడలేదేమో అనుకున్నాడు. ఇంకా గట్టిగా, షెడ్డంతా వినేలా అడిగాడు. "నాకు వినబడదమ్మా. నువ్వు చెప్పాలి. ఉందా?"

"ఉందన్నయ్యా" అని చెల్లెలు అరిచింది. "ఇంకా ఉంది!"

ఎలక్ట్రీషియన్ ఇంజను ఆపేశాడు. షెడ్డులో ఉన్నవాళ్లంతా తలలు వంచుకున్నారు. మేస్త్రి వెనక్కి తిరిగాడు. అన్న చేసింది సరిగా లేదనడం ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"పొరపాటు పడ్డానేమో" అంది. "కొత్త సామాను వేశావు కదా, ఇంక ఎందుకుంటుంది..."

"వెనక్కి తీసుకోకు ఆ మాట" అన్నాడు మేస్త్రి. "ఎలా ఉంది చెప్పు."

"పాత దుప్పటి చింపుతున్నట్టు. సన్నగా, ఆగకుండా."

ఆయన బెల్టు మళ్లీ విప్పాడు. చెల్లెల్ని దగ్గరికి పిలిచి, వంగి చెవి పెట్టమన్నాడు. డైనమో పుల్లీ తిప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వాటర్ పంపుది తిప్పాడు. అదీ కాదంది. బెల్టుకి దారి చూపించడానికి మధ్యలో ఊరికే తిరిగే పుల్లీ ఇంకొకటి ఉంటుంది. దాన్ని తిప్పాడు.

"ఇదే" అంది ఆవిడ వెంటనే.

మేస్త్రి తనూ చెవి పెట్టాడు. మళ్లీ తిప్పాడు. ఆయనకి అక్కడ ఏమీ లేదు. గిర్రున తిరిగి నిశ్శబ్దంగా ఆగింది.

"నీకు కొంచెం కూడా వినబడట్లేదా అన్నయ్యా?" అంది చెల్లెలు.

"లేదమ్మా."

ఆవిడ ఏడ్చేసింది. అన్న జడలు వేసిన రోజుల్లో ఏడ్చినట్టే, ముఖం దాచుకోకుండా ఏడ్చింది. మేస్త్రి కళ్లూ నిండాయి. భుజంతో తుడుచుకుని, స్పానర్ అందుకుని, ఆ పుల్లీ బోల్టుకి పట్టు బిగించాడు.

"ఇది మార్చాక మళ్లీ స్టార్టు చేస్తాం" అన్నాడు. "ఏడుస్తుంటే సరిగా వినబడదు. కళ్లు తుడుచుకుని ఇక్కడే నిలబడు."